చిట్టా పుస్తకంలో పేపర్ ముక్కలు

మొన్న సంక్రాంతికి ఊరెళ్లి అటక మీది సామాను దించుతుంటే, ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి చిట్టా పుస్తకాలు మూడు బయటపడ్డాయి. మా మేనమామ కిరాణా కొట్టు ఎత్తేసినప్పుడు రాయకుండా మిగిలిపోయిన పుస్తకాలవి. "పారేయడమెందుకు అల్లుడూ, చదువుకునేవాడివి, నువ్వు రాసుకో" అని నా చేతిలో పెట్టాడు. నేను వాటిలో రాసింది తక్కువ, అతికించింది ఎక్కువ. 2002 నుంచి 2006 వరకు సివిల్స్ కోసం చదివిన నాలుగేళ్లూ ఆ మూడు పుస్తకాల్లో పేపర్ ముక్కలుగా ఉన్నాయి.

దుమ్ము దులిపి తెరిస్తే మొదటి పుస్తకం నిండా సన్నటి కన్నాలు. పురుగు కొట్టేసింది. అప్పట్లో మైదా ఉడకబెట్టి జిగురు చేసుకునేవాణ్ణి. అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని రెండో పుస్తకం మొదలుపెట్టేటప్పుడు గానీ తెలియలేదు. అందుకే మిగతా రెండూ నిన్న మొన్న అతికించినట్టు ఉన్నాయి. భోజనానికి రమ్మని మా ఆవిడ మూడుసార్లు పిలిచినా నేను ఆ అటక కిందే కూర్చుండిపోయాను.

మాది ప్రకాశం జిల్లా. నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు. కాలువ మా పొలం గట్టు దాకా వచ్చింది, నీళ్లు మాత్రం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. 2002లో దేశమంతా కరువు. ఆ ఏడు నైరుతి రుతుపవనాల వాన మామూలు కన్నా 19 శాతం తక్కువ పడిందని తర్వాత పేపర్లోనే చదివాను. మా ఊళ్లో ఆ లెక్క అక్కర్లేదు, నారుమళ్లు చూస్తే తెలిసిపోయేది. సరిగ్గా ఆ ఏడాదే నేను ఒంగోల్లో డిగ్రీ ముగించి, తెలుగు మీడియం చదువుతో, సివిల్స్ రాస్తానని ఇంట్లో చెప్పాను. ఎంత ఖర్చవుతుంది, ఎన్నేళ్లు పడుతుంది అని నాన్న ఒక్క మాట అడగలేదు. "దానికి రోజూ పేపర్ చదవాలంటగా. తెప్పించుకో" అన్నాడు. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నేనెప్పుడూ అడగలేదు.

నాన్నకు చదువు రాదు. మొదటి బస్సుకు పేపర్ వచ్చాక నేను అరుగు మీద కూర్చుని పైకి చదివేవాణ్ణి, ఆయన పలుపుతాడు పేనుకుంటూ వినేవాడు. 2003 మార్చి ఒకటో తారీఖు పేపర్ బాగా గుర్తు. అప్పట్లో బడ్జెట్ ఫిబ్రవరి ఆఖరి రోజున పెట్టేవాళ్లు, మర్నాడు పేపర్ అంతా అదే. మధ్యలో గుండ్రంగా రూపాయి బొమ్మ వేసి, రూపాయి రాక, రూపాయి పోక అని ముక్కలు ముక్కలుగా కోసి చూపించేవాళ్లు. నాన్న ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ పెద్ద ముక్క దేనికిరా?" అన్నాడు.

"వడ్డీలకు నాన్నా."

"గవర్నమెంటు కూడా వడ్డీలు కట్టుద్దా?"

"కడుతుంది."

"ఎవురికి?"

నా దగ్గర జవాబు లేదు. ద్రవ్యలోటు నిర్వచనం అప్పటికే కంఠతా వచ్చు, రెవెన్యూ లోటుకీ దానికీ తేడా రాయమంటే అరపేజీ రాస్తాను, కానీ ప్రభుత్వం ఆ వడ్డీ ఎవరి చేతిలో పెడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ సాయంత్రమే సైకిలేసుకుని ఒంగోలు వెళ్లి గ్రంథాలయంలో వెతికాను. బాండ్లు కొన్న బ్యాంకులకు, బీమా సంస్థలకు, పోస్టాఫీసులో చిన్న మొత్తాలు దాచుకున్న జనానికి. ఎక్కువ భాగం దేశంలోపలే. తిరిగొచ్చి చెబితే నాన్న, "అయితే మన పోస్టాఫీసు పుస్తకం కూడా అందులో ఉందన్నమాట" అన్నాడు. ఆ రూపాయి బొమ్మ మొదటి పుస్తకంలో ఉంది, పురుగు కొట్టినా వడ్డీల ముక్క మిగిలింది.

ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయం గురించి రాయకుండా ఈ జ్ఞాపకం ముందుకు పోదు. ఏటవాలు చెక్క బల్లలు, పేపర్ కదలకుండా మధ్యలో ఇనప ఊచ. తెలుగు పేపర్ల దగ్గర ఎప్పుడూ గుంపు. ఒకరు ముందు పేజీ చదువుతుంటే ఇంకొకరు వంగి వెనక పేజీ చదివేవాళ్లు, ఆ పేజీ తిప్పడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. అక్కడ పనిచేసే అటెండర్‌ని అందరం బాబాయ్ అనేవాళ్లం. పొద్దున తలుపులు తీసేసరికి మెట్ల మీద మా సైకిళ్లు చూసి, "పరీక్షల బ్యాచ్ వచ్చేసింది" అని నవ్వేవాడు. ఇంటి పన్నుతో పాటు జనం కట్టే గ్రంథాలయ సెస్సుతో నడిచే చోటు అది. నాలాంటివాడు రోజుకు ఆరు పేపర్లు సొంత డబ్బులతో కొని చదవగలిగేవాడు కాదు. ఆ సెస్సు కట్టిన ప్రతి ఇంటికీ నేను రుణపడి ఉన్నానని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కడ హిందూ పేపర్ ఒక్కటే కాపీ. ఎనిమిది నుంచి పది వరకు అది ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి చేతిలో ఉండేది. భూతద్దం పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదివేవారు. నేను ఎదుటి బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేవాణ్ణి. పది రోజులు చూసి ఒకరోజు ఆయనే పిలిచారు.

"ఏం చదువుతున్నావు అబ్బాయ్?"

చెప్పాను.

"పేపర్ ఎంతసేపు చదువుతావు?"

"నాలుగు గంటలండీ" అన్నాను కాస్త గర్వంగానే.

ఆయన నా నోట్సు తీసి చూశారు. నాయకుల ప్రకటనలు, ప్రతి ప్రకటనలు, ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఏ పార్టీలోంచి ఎవరు ఎటు వెళ్లారు, అన్నీ ఎర్ర గీతలతో సహా ఉన్నాయి. మెల్లగా మూసి ఇచ్చి, "ఇందులో వచ్చే నెలకు పనికొచ్చేది ఎంతుంది?" అన్నారు. తర్వాత ఆ రోజు పేపరే తీసి, జిల్లా పేజీలో అడుగున రెండు అంగుళాల వార్త చూపించారు. చివరి భూములకు సాగర్ నీరు అందడం లేదని మా వైపు రైతులు కాలువ ఆఫీసు ముందు ధర్నా చేశారని దాని సారాంశం. నేను దాన్ని చూశాను గానీ చదవలేదు. మా ఊరి గొడవ సివిల్స్ పరీక్ష పెట్టే యూపీఎస్సీ వాళ్లు అడుగుతారా అని వదిలేశాను.

"ఇది ఎవరి పని? ఏ చట్టం కింద? డబ్బు ఎవరిది? ఈ మూడూ చెప్పు" అన్నారు.

నీళ్లు రాష్ట్ర జాబితాలో అంశం, రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో 17వ పద్దు. కానీ అంతర్‌రాష్ట్ర నదులు కేంద్ర జాబితాలో 56వ పద్దు. రాష్ట్రాల మధ్య తగాదా వస్తే 262వ అధికరణం, దాని కింద 1956 నాటి అంతర్‌రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం. కృష్ణా మీద 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 75 శాతం విశ్వసనీయత మీద, అంటే నూటికి 75 ఏళ్లు నదిలో దొరికే నీటి మీద, 2060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. ఆ 800లో సాగర్ వాటా కొంత, అందులో కుడి కాలువ వాటా కొంత, అందులో చివరి భూమి మాది. 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పజెప్పే చట్టం వచ్చి నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి, కాబట్టి తూము దగ్గర నీళ్లు పంచే బాధ్యత ఒక సంఘానిది. ఇంత కథ ఆ రెండు అంగుళాల వార్త వెనక ఉంది. మాస్టారు ఇదంతా ఒక్క రోజులో చెప్పలేదు. ఒక్కొక్క ప్రశ్న వేసి పంపించేవారు, నేను మర్నాడు వెతుక్కుని వచ్చి చెప్పేవాణ్ణి. వారం పట్టింది.

పరీక్షకు పేపర్ ఎలా చదవాలని నన్ను ఇప్పటికీ పిల్లలు అడుగుతుంటారు. నాకు తెలిసింది ఆ వారంలో తెలుసుకున్నదే. సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని, వార్తను దాని మీద పెట్టి చూడాలి. ఎక్కడా కూర్చోకపోతే వదిలేయాలి. కూర్చుంటే ఆ మూడు ప్రశ్నలు వేయాలి. అలా చదవడం మొదలుపెట్టాక నాకు పేపర్ గంటన్నరలో అయిపోయేది. మిగిలిన సమయమంతా ఆ వార్త వెనక ఉన్న పుస్తకాలకు పోయేది.

ఇక కత్తిరించడం. సగం బ్లేడు, అడుగున చెక్క స్కేలు, గ్రంథాలయం పేపర్ ముట్టుకోకూడదు కాబట్టి ఇంటి పేపర్ సాయంత్రం దాకా ఆగి. ముక్కకు పైన నీలం ఇంకుతో పేపర్ పేరు, తేదీ, పేజీ నెంబరు. అసలు చిక్కు ఎక్కడ వచ్చేదంటే, ముందు పక్క కావాల్సిన వార్త ఉంటే సరిగ్గా దాని వెనకే ఇంకో కావాల్సిన వార్త ఉండేది. మంత్రుల సంఖ్యకు పరిమితి పెట్టిన 91వ రాజ్యాంగ సవరణ ముక్క ఇప్పుడు నా ముందు ఉంది. సభ బలంలో 15 శాతం మించకూడదు. అప్పటి మన శాసనసభ 294 మంది కాబట్టి ముఖ్యమంత్రితో కలిపి 44 అని అంచున పెన్సిల్‌తో లెక్క కట్టుకున్నాను. దాని వెనక పక్క ద్రవ్యలోటును అదుపులో పెట్టే 2003 నాటి చట్టం మీద వ్యాసం. దేన్ని అతికించాలి? అటూ ఇటూ చూసి సవరణ అతికించి, వ్యాసాన్ని చేత్తో రాసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత పుస్తకం మూసి గుర్తు చేసుకుంటే, అతికించినవాటి కన్నా చేత్తో రాసుకున్నవే వరసగా గుర్తొస్తున్నాయి. ఈ సంగతి అప్పుడే తెలిసుంటే జిగురు తక్కువ వాడేవాణ్ణి.

తెలుగు మీడియం వాళ్లకు పేపర్ ఇంకో మేలు చేసింది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ గానీ నా లెక్కలో అదే పెద్దది. 1979లో పరీక్ష పద్ధతి మారాక మెయిన్స్, అంటే రెండో అంచె రాతపరీక్ష, తెలుగులో రాసే వీలు వచ్చింది. అయితే ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ప్రశ్న ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకుని, జవాబు తెలుగులో రాయాలి. మధ్యలో మాటల వంతెన ఎవరు కడతారు? తెలుగు అకాడమి పుస్తకాలు కొంత కట్టాయి. మిగతాది రోజూ పొద్దున్నే పేపర్ కట్టింది. న్యాయసమీక్ష, అవిశ్వాస తీర్మానం, సభాహక్కుల ఉల్లంఘన, ప్రజాప్రయోజన వ్యాజ్యం, పెట్టుబడుల ఉపసంహరణ, విదేశీ మారక నిల్వలు, ముసాయిదా, శ్వేతపత్రం... ఇలాంటివి ఎన్నో రాత్రికి రాత్రి డెస్కు మీద కూర్చుని అనువాదం చేసే సబ్ఎడిటర్లు అరగంటలో తేల్చిన మాటలు. మర్నాటికి రాష్ట్రమంతా వాడేసేది. ద్రవ్యోల్బణం అన్న మాట మొదటిసారి చూసినప్పుడు నోరు తిరగలేదు. ఆరు నెలలకు మా అమ్మ కూడా, కందిపప్పు ధర చెప్పి, "ఏదో ఉల్బణం అంటావే, అదేనా?" అంది.

అందుకని రెండో పుస్తకంలో వెనక నుంచి ఒక పట్టిక మొదలుపెట్టాను. ఎడమ వైపు హిందూలో వచ్చిన మాట, కుడి వైపు తెలుగు పేపర్ వాడిన మాట. ఒకే వార్త రెండు పేపర్లలో పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ పట్టిక దానంతటదే పెరిగేది. గురువారం హిందూలో సైన్స్ పేజీ వచ్చేది, దానికి తెలుగు మాటలు దొరకడం మాత్రం కష్టంగా ఉండేది. ఆ వరసలో కుడి వైపు గళ్లు చాలా ఖాళీగానే మిగిలిపోయాయి.

ఆ రోజుల్లో మెయిన్స్ జనరల్ స్టడీస్‌లో రెండు మార్కుల ప్రశ్నలు ఉండేవి. ఒక్కోదానికి 20 పదాలు. వార్తల్లోకి వచ్చిన మనిషి, ఒప్పందం, సంస్థ, వ్యాధి, ఏదైనా అడగొచ్చు. మాస్టారు రోజూ ఒక వార్త ఇచ్చి 20 పదాల్లోకి కుదించమనేవారు. ఒక పదం ఎక్కువైతే వెనక్కి ఇచ్చేసేవారు. కుదించగా కుదించగా నాకొక విషయం అర్థమైంది. తెలుగులో విభక్తులు మాటకే అంటుకుని ఉంటాయి కాబట్టి 20 పదాల్లో ఇంగ్లిష్ కన్నా ఎక్కువ విషయం పడుతుంది. ఆ రోజు నుంచి తెలుగు మీడియం అని తలొంచుకోవడం మానేశాను.

మాస్టారికి ఇంకో అలవాటు. వార్తల్లో మన ప్రాంతం మనుషులు కనిపిస్తే వాళ్లను పట్టుకుని పాఠం మొదలుపెట్టేవారు. 2003 సెప్టెంబర్‌లో వై.వి.రెడ్డి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయ్యారు. "మన పక్కనున్న కడప జిల్లా మనిషి. ఐఏఎస్ చేసి అక్కడికి వెళ్లాడు. ఆయన సంతకం చేసే పరపతి విధానం నువ్వు చదవవా?" అన్నారు. అంతవరకు సీఆర్ఆర్ (బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ దగ్గర ఉంచాల్సిన నగదు వాటా), రెపో రేటు (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) అంటే పేజీ తిప్పేసేవాణ్ణి. తర్వాత ప్రతి పరపతి విధానం ముక్కా నా పుస్తకంలో ఉంది. మా జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు కూడా స్వరాజ్య పత్రిక పెట్టి, బారిస్టరుగా సంపాదించిందంతా దానికే ధారపోశారని ఆయన చెప్పే దాకా నాకు తెలియదు. కలెక్టరేట్ ముందు నుంచి రోజూ సైకిల్ మీద వెళ్తూ కూడా.

2004 ఏప్రిల్‌లో కృష్ణా జలాల మీద జస్టిస్ బ్రిజేష్ కుమార్ అధ్యక్షతన రెండో ట్రిబ్యునల్ వేశారు. ఆ వార్త జాతీయ పేజీలో వచ్చింది. నేను మొదటి పుస్తకం తీసి, మా ఊరి ధర్నా ముక్క ఉన్న పేజీకి ఎదురుగా ఆ ముక్క అతికించి, గ్రంథాలయానికి తీసుకెళ్లి చూపించాను. మాస్టారు భూతద్దం పెట్టుకుని రెండు పేజీలూ చూశారు. ఏమీ అనలేదు. తన చేతిలో ఉన్న హిందూ పేపర్ నాకిచ్చి, "ముందు నువ్వు చదువు" అన్నారు. అప్పటికి టైమ్ ఇంకా తొమ్మిది కూడా కాలేదు.

ఆ జూన్‌లో హైదరాబాద్ వెళ్లాను. అశోక్‌నగర్‌లో గది, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అందరి కథా ఒకటే, కొత్తగా చెప్పాల్సింది లేదు. గదిలో నలుగురం. తలా కొంత వేసుకుని నాలుగు పేపర్లు తెప్పించేవాళ్లం, రెండు తెలుగు, రెండు ఇంగ్లిష్. తెల్లవారుజామున ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏజెంట్లు ఫుట్‌పాత్ మీద కట్టలు విప్పి, లోపలి పేజీలు దూర్చి పంచుతుంటే నిద్రపట్టని రోజుల్లో అక్కడికే వెళ్లి నిలబడేవాణ్ణి. ఇంకా తడి ఆరని సిరా వేళ్లకు అంటేది.

హైదరాబాద్‌లో నాకు వచ్చిన పెద్ద లోటు ఏంటంటే, అక్కడి పేపర్లో మా జిల్లా పేజీలు ఉండవు. నగరం వార్తలుంటాయి. నా రెండు అంగుళాల వార్తలు ఎలా? ఆ సంగతి ఫోన్‌లో అన్నానో లేదో, మా చెల్లెలు ఉపాయం చేసింది. నెలకోసారి ఊరి నుంచి వచ్చేవాళ్లతో అమ్మ పంపే పచ్చళ్ల సీసాలు, పొడుల డబ్బాలు అన్నీ జిల్లా పేజీల్లోనే చుట్టేది. నాకు పనికొస్తాయనుకున్న పేజీలు ఏరి మరీ. గదిలో పార్సిల్ విప్పితే మిగతా ముగ్గురూ గోంగూర మీద పడేవాళ్లు, నేను కాగితం మడతలు సాపు చేసుకునేవాణ్ణి. మూడో పుస్తకంలో ఒక ముక్క మీద ఇప్పటికీ నూనె మరక ఉంది, వెలుతురుకి పెడితే వెనక పక్క అక్షరాలు కూడా కనిపిస్తాయి. కనిగిరి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల గురించిన వార్త అది. ఆ ముక్కను చూసి తాగునీటి మీద నేను రాసిన జవాబును గదిలో అందరూ కాపీ చేసుకున్నారు.

ఆ గదిలో పేపర్ చదవడం పోను పోను నలుగురి పని అయింది. పొద్దున గంటన్నర ఎవరిది వాళ్లు చదవడం, రాత్రి భోజనాలయ్యాక ఒకరు చెబితే ముగ్గురు ప్రశ్నలు వేయడం. నేను మాస్టారి మూడు ప్రశ్నలు అక్కడికి తీసుకెళ్లాను. ఒకసారి ఒకే సమావేశం గురించి రెండు పేపర్లు రెండు వేర్వేరు లెక్కలు వేశాయి. నేను అందులో ఒకటి పట్టుకుని టెస్టులో రాసి మార్కులు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి అంకె కనిపిస్తే అది ఎవరు చెప్పిన అంకె అని చూడటం, ఆర్థిక సర్వేలోనో ఇండియా ఇయర్ బుక్‌లోనో సరిచూసుకుని గానీ పుస్తకంలో ఎక్కించకపోవడం అలవాటైంది. పేపర్ దారి చూపిస్తుంది, అంకె మాత్రం అసలు చోటనే వెతుక్కోవాలి.

2005 అక్టోబర్ 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం ప్రారంభించారు. మా గదిలో ఒకతనిది అనంతపురం జిల్లా. మర్నాడు పొద్దున్నే పేపర్ తెచ్చి మమ్మల్ని నిద్రలేపి, నిలబడి పైకి చదివాడు. మొదటి విడత 200 జిల్లాలు, గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని. చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. ప్రతి ఎండాకాలం వాళ్ల అమ్మానాన్నలు పనికి వలస వెళ్లేవాళ్లు. ఆ ముక్కను ఎవరి పుస్తకంలో అతికించాలన్న పంచాయితీ ఆ రోజు రాలేదు. అతనికే ఇచ్చేశాం. నా పుస్తకంలో దాని జెరాక్స్ ఉంది.

నాకు సివిల్స్ రాలేదు. రెండుసార్లు ప్రిలిమ్స్ దాటాను, రెండుసార్లూ మెయిన్స్‌లో ఆగిపోయాను. రెండోసారి మార్కుల కాగితం పోస్టులో వచ్చిన రోజు పేపర్ ముట్టుకోలేదు. ఆ నాలుగేళ్లలో పేపర్ చదవని రోజు అదొక్కటే. ఇంటికి తిరిగొచ్చాక నాన్న పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పేపర్ నా పక్కన పెట్టి, పలుపుతాడు తీసుకున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను.

మాస్టారు అప్పటికి లేరు. నేను ఆఖరి మెయిన్స్ రాస్తున్నప్పుడు పోయారు. చెల్లెలు చుట్టి పంపిన జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటన చూసి తెలుసుకున్నాను. ఆయన ఫొటో నా దగ్గర వేరే ఏదీ లేదు. ఆ ప్రకటనే ఉంది. దాని మీద కూడా అలవాటు కొద్దీ నీలం ఇంకుతో పేపర్ పేరు, తేదీ, పేజీ నెంబరు రాశాను.

తర్వాత గ్రూప్-2 రాసి డిప్యూటీ తహసీల్దార్‌గా చేరాను. ఆ పరీక్షకు కొత్తగా చదివింది తక్కువ, ఈ మూడు పుస్తకాలే తిరగేశాను. ఈ కాలం పిల్లలు నెలనెలా వచ్చే కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, ఫోన్‌లో పీడీఎఫ్‌లు చదువుతున్నారు. తప్పని అనను, మాకు అవి ఉంటే మేమూ చదివేవాళ్లం. కానీ వాటిలో ఎవరో ఏరి పెట్టిన వార్తలే ఉంటాయి. ఏరడం కూడా చదువులో భాగమే, ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాక రోజంతా చేయాల్సింది అదే పని. ఎదురుగా వంద అర్జీలు ఉంటాయి. ఏది ఎవరి పని, ఏ చట్టం కింద, డబ్బు ఎవరిది అన్నది మనమే తేల్చాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొద్దున టపాలో ఒక తెల్ల కాగితం వచ్చింది. మధ్యలో పేపర్ ముక్క అతికించి ఉంది. పైన నీలం ఇంకుతో పేపర్ పేరు, తేదీ, పేజీ నెంబరు. కొన్ని క్షణాలు నా పుస్తకంలోంచి ఎవరో చింపి పంపారనుకున్నాను. మా సీనియర్ అసిస్టెంట్ నవ్వి, "అడ్వర్స్ న్యూస్ అండీ. రోజూ పేపర్లలో వచ్చే ఫిర్యాదు వార్తలు కత్తిరించి కలెక్టర్ గారికి పెడతారు. అక్కడి నుంచి మనకు వస్తుంది. రిపోర్టు పంపాలి" అన్నాడు. జిల్లా పేజీ అడుగున వచ్చిన రెండు అంగుళాల వార్త. కాలువ చివరి ఊరిలో సమ్మర్ స్టోరేజీ ట్యాంకు ఎండిపోయింది, తాగునీళ్లు లేవు.

పాత రిపోర్టు నమూనా ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. దాన్ని పక్కన పెట్టి, కాగితం అంచున పెన్సిల్‌తో మూడు ప్రశ్నలు రాసుకుని, జీపు రమ్మన్నాను. ట్యాంకు గట్టెక్కి చూస్తే అడుగున పాచి పట్టిన బురద, మధ్యలో మోకాలి లోతు నీళ్లు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. ఒకావిడ, "పేపర్లో వేస్తే గానీ రారా సారూ?" అంది. ఏం చెప్పను? అది నిజం. అక్కడే నిలబడి పైన తూము దగ్గర ఎవరు కట్టేశారు, ఏ సంఘం పరిధి, ఏ ఇంజినీరుకు చెప్పాలి అన్నీ అడిగి రాసుకున్నాను. రిపోర్టు మూడు పేజీలైంది. మాస్టారు చూస్తే 20 పదాల్లోకి కుదించమనేవారు.

ఆ ముక్క జెరాక్స్ మూడో చిట్టా పుస్తకంలో ఉంది. దాని కింద ట్యాంకులోకి నీళ్లు వదిలిన తేదీ, వదిలిన గంట నా చేత్తో రాసి ఉన్నాయి. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.